నూనెకీ నీళ్ళకీ మధ్య ఇసుక రేణువులు ఆగిపోతున్నాయి, ఎందుకు?

ఇసుకరేణువు: అందరికీ నమస్కారం. పదకొండు రోజులుగా ఒకే చోట ఇరుక్కుపోయాను, దారి చూపించండి. కంప్యూటర్‌లో సిమ్యులేషన్ నడుపుతున్నాను: 20 సెం.మీ. ఎత్తు పెట్టె. కింది సగం నీళ్ళు, పై సగం నూనె. నూనె సాంద్రత ఘనపు మీటరుకి 900 కిలోలు, విస్కాసిటీ (చిక్కదనం) నీటికి 50 రెట్లు. ద్రవ ప్రవాహాలు లెక్కించే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్‌లో, కలవని రెండు ద్రవాల కోసం ఉన్న ఇంటర్‌ఫోమ్ అనే ప్రోగ్రామ్ వాడుతున్నాను, సెల్ (లెక్క కోసం పెట్టెని విడగొట్టిన గడి) సైజు 1 మి.మీ. రేణువుల కోడ్ నేనే రాసి దానికి జతచేశాను: 0.2 మి.మీ. ఇసుక, సాంద్రత 2650.

ఇంటర్‌ఫేస్‌కి (నూనె, నీళ్ళ సరిహద్దుకి) 1 సెం.మీ. పైన వదిలితే సెకనుకి 0.76 మి.మీ. చొప్పున దిగుతున్నాయి. చిన్న రేణువు ద్రవంలో దిగే వేగాన్నిచ్చే స్టోక్స్ సూత్రం చెప్పేదీ అంతే. కానీ ఇంటర్‌ఫేస్ దగ్గరకి రాగానే ఆగిపోయి, అక్కడే సన్నగా వణుకుతూ ఉంటాయి. ఒక్కటి కూడా నీళ్ళలోకి దిగదు. మా గైడ్ గారు చూసి, "తలతన్యత పట్టుకుంటోంది, నిజంలోనూ అంతే కదా" అన్నారు. నా కోడ్‌లో రేణువు మీద తలతన్యత బలం అనేదే లేదు. అందుకే నాకు నమ్మకం కుదరడం లేదు.

పాతమెష్: నమ్మకం కుదరకపోవడమే మంచిదండీ. వి.ఓ.ఎఫ్.లో (ప్రతి సెల్‌లో ఏ ద్రవం ఎంతుందో లెక్కపెట్టే పద్ధతి, ఇంటర్‌ఫోమ్ వాడేది అదే) ఇంటర్‌ఫేస్ వంపు లెక్క కొంచెం తప్పినా అక్కడ లేని ప్రవాహాలు పుడతాయి, రేణువులు వాటిలో చిక్కుకుంటాయి. తలతన్యత సున్నా పెట్టి ఒకసారి నడపండి. ఆగడం మానేస్తే దొంగ దొరికినట్టే.

ఇసుకరేణువు: పెట్టి చూశానండీ. ద్రవం వేగం దాదాపు సున్నాకి వచ్చేసింది. రేణువులు మాత్రం అక్కడే ఉన్నాయి.

చుక్కలలెక్క: ఒక్క మాట చెప్పండి. రేణువు మీద పీడన బలం ఏ పీడనం గ్రేడియెంట్ (చోటుతో పాటు మారే రేటు) నుంచి తీస్తున్నారు? ఇంటర్‌ఫోమ్ సాధించేది అసలు పీడనాన్ని కాదు, పీ_ఆర్‌జీహెచ్‌ని. అంటే హైడ్రోస్టాటిక్ భాగం (ద్రవం బరువు వల్ల వచ్చే పీడనం) తీసేసిన పీడనం. ఒకే ద్రవంలో, నిశ్చలంగా ఉన్నప్పుడు దాని గ్రేడియెంట్ సున్నా, కాబట్టి నూనెలో మీకు తేడా కనబడదు. సాంద్రత మారే చోట మాత్రం సున్నా కాదు: గురుత్వం, ఎత్తు, సాంద్రత గ్రేడియెంట్, ఈ మూడింటి లబ్ధం అక్కడ మిగిలిపోతుంది.

మీ అంకెలే వేసి చూద్దాం. ఇంటర్‌ఫేస్ 10 సెం.మీ. ఎత్తులో ఉంది, మూడు సెల్స్‌లో సాంద్రత 100 మారుతోంది. 9.81 × 0.1 × 100 / 0.003 అంటే ఘనపు మీటరుకి దాదాపు 33 వేల న్యూటన్లు, పైకి. ఇసుక నీళ్ళలో మునిగితే మిగిలే బరువు 16 వేలు. రెట్టింపు బలం పైకి నెడుతుంటే అది దిగేదెలా? సున్నా ఎత్తుని పెట్టె అడుగు నుంచి ఇంటర్‌ఫేస్ దగ్గరకి జరిపి నడపండి. భౌతికంగా ఏమీ మారకూడదు. మారితే మీ కోడ్‌లోనే తప్పు.

ఇసుకరేణువు: జరిపాను. గబగబా దిగిపోయాయి!! పదకొండు రోజుల టెన్షన్ ఒక్క రన్‌తో పోయింది. ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదండీ. కోడ్ తెరిచి చూస్తే మీరన్నదే, పీ_ఆర్‌జీహెచ్ గ్రేడియెంటే వాడాను, తేలుడు బలం విడిగా కలిపాను. ఇప్పుడు పూర్తి పీడనం గ్రేడియెంట్ తీసుకుని, విడిగా కలిపింది తీసేశాను. సున్నా ఎత్తు మళ్ళీ అడుగున పెట్టినా దిగుతున్నాయి.

చుక్కలలెక్క: సంతోషం. నీళ్ళలో వేగం కూడా చూసుకోండి. అక్కడ స్టోక్స్ సెకనుకి 36 మి.మీ. అంటుంది, కానీ రేనాల్డ్స్ సంఖ్య (విస్కాసిటీతో పోలిస్తే ప్రవాహపు జడత్వం ఎంతో చెప్పేది) 5 దాకా పోతుంది కాబట్టి అది చెల్లదు. షిల్లర్-నౌమన్ డ్రాగ్ (అలాంటి వేగాలకి సరిపడే ద్రవ నిరోధ సూత్రం) పెడితే వేగం 25 మి.మీ. దగ్గర ఆగాలి.

పాతమెష్: మీ గైడ్ గారి మాటని మాత్రం పక్కన పెట్టేయకండి. నూనె-నీళ్ళ మధ్య తలతన్యత మీటరుకి 0.03 న్యూటన్లు అనుకుంటే, రేణువు చుట్టుకొలత మీద గరిష్ఠంగా 1.9 × 10⁻⁵ న్యూటన్లు. మునిగిన రేణువు బరువు 6.8 × 10⁻⁸ న్యూటన్లు. దాదాపు 280 రెట్లు! కాబట్టి నూనె పట్టిన ఇసుక నిజంగానే ఇంటర్‌ఫేస్ మీద నిలబడిపోవచ్చు. రేణువుని చుక్కగా చూసే మోడల్‌కి కాంటాక్ట్ కోణం (ఇంటర్‌ఫేస్ రేణువు ఉపరితలాన్ని తాకే కోణం) తెలియదు, ఆ బలాన్ని మీరే విడిగా రాయాలి. ముందు ఒక్క రేణువుతో మొదలుపెట్టండి.