జీరో నాలెడ్జ్ సర్క్యూట్లు: నిబంధనలు చేత్తో రాయాలా, కంపైలర్‌కు వదలాలా?

మాదాపూర్ సభ్యుడు:
రహస్య విలువను బయటపెట్టకుండానే ఒక లెక్క సరిగా జరిగిందని రుజువు చేసేది జీరో నాలెడ్జ్ పద్ధతి; ఆ లెక్కను సమీకరణాలుగా, అంటే బహుపది నిబంధనలుగా, రాసినదే సర్క్యూట్. మా బృందంలో కొత్తగా చేరినవారి చేత ఆ నిబంధనలను ఒక్కొక్కటిగా రాయించడం వృథా శ్రమ అని నా అభిప్రాయం. రస్ట్‌లో రాసిన మామూలు ప్రోగ్రాముకే రుజువు ఇచ్చే వర్చువల్ మెషీన్లు వచ్చాక, ఆ పనిని కంపైలర్‌కు వదలడమే క్షేమం. 2019లో, క్రిప్టో లావాదేవీల జాడను దాచే సేవ అయిన టోర్నడో క్యాష్‌లో బయటపడిన లోపాన్నే చూడండి. హ్యాష్ (డేటాకు వేలిముద్ర లాంటి సంఖ్య) ఫలితం దగ్గర, విలువ ఇస్తూనే నిబంధనను కూడా విధించే బాణం గుర్తుకు బదులు, విలువ మాత్రమే ఇచ్చే ఉత్త సమాన గుర్తు పడినందువల్ల, లేని డిపాజిట్‌కు రుజువు పుట్టించే వీలు కలిగింది.

గచ్చిబౌలి సభ్యురాలు:
మీ ఉదాహరణ నా వాదనకే బలమిస్తుందండీ. అక్కడ లెక్క సరిగానే ఉంది, లేనిది నిబంధన. ఈ రెండూ వేర్వేరన్న ఎరుక చేత్తో రాస్తేనే అబ్బుతుంది. ఒక సంఖ్య సున్నా అవునో కాదో చెప్పే చిన్న భాగాన్ని తీసుకుందాం. సంఖ్య అ, ప్రూవర్ (రుజువు తయారుచేసేవాడు) అందించే సహాయ విలువ వ, ఫలితం ఫ అనుకుంటే, మొదటి నిబంధన ఫ = 1 − అ×వ. అ సున్నా అయితే ఫ తప్పనిసరిగా 1 అవుతుంది. సున్నా కానప్పుడు నిజాయితీ గల ప్రూవర్ వ స్థానంలో అ గుణకార విలోమాన్ని పెడతాడు, ఫ సున్నా అవుతుంది; మోసగాడు మాత్రం వ = 0 అని పెట్టి, ఫ = 1 అని నమ్మిస్తాడు. అ×ఫ = 0 అనే రెండో నిబంధన ఉంటేనే ఆ దారి మూసుకుపోతుంది. సాధారణంగా మనం రాసే పరీక్షలు నిజాయితీ గల విలువలతోనే నడుస్తాయి కనుక, అది లేకపోయినా అన్నీ నెగ్గుతాయి.

మాదాపూర్ సభ్యుడు:
దాన్ని లైబ్రరీలో ఒకసారి రాసి, ఆడిట్ చేయించి, అందరూ వాడుకోవచ్చు కదా మేడమ్? ఇలాంటి సర్క్యూట్ల కోసమే రూపొందించిన పాసైడన్ హ్యాష్‌లోని ఐదో ఘాతాన్ని మూడు గుణకారాలుగా విడగొట్టాలా, ఒకే గేటుగా (ఒకే నిబంధనగా) ఉంచాలా అన్నది కూడా మనిషి తేల్చవలసిన విషయమా?

గచ్చిబౌలి సభ్యురాలు:
అది కంపైలరే తేల్చవచ్చు. ఒకే గేటైతే నిబంధనలు తగ్గుతాయి, కానీ అవి నెరవేరాయని చూపేందుకు లెక్కించే భాగఫల బహుపది పరిమాణం పెరిగి ప్రూవర్‌పై భారం పడుతుంది. అది ఖర్చు లెక్క మాత్రమే. లైబ్రరీ విషయం వేరు, అది ఏ షరతు మీద సరైనదో వాడేవారికి తెలియాలి. సర్క్యూట్లలో లెక్కలు ఒక ప్రధానసంఖ్యతో భాగిస్తే మిగిలే శేషాలతోనే నడుస్తాయి, ఆ శేషాల సమితినే ఫీల్డ్ అంటారు. బీఎన్254 అనే ఎలిప్టిక్ కర్వ్ ఫీల్డ్ ప్రధానసంఖ్య 2²⁵⁴ కన్నా చిన్నది. కాబట్టి ఒక విలువను 254 బిట్లుగా విడగొట్టి, ప్రతి బిట్‌కూ బ×(బ−1) = 0 అని విధించినా, దాదాపు మూడో వంతు విలువలకు రెండేసి రూపాలు చెల్లుతాయి: ఒకటి అసలుది, రెండోది ప్రధానసంఖ్య కలిపినది. రెండో రూపాన్ని ఆపే నిబంధన విడిగా రాయకపోతే, పెద్దా చిన్నా పోల్చే సర్క్యూట్ ఏ జవాబునైనా ఒప్పుకోవచ్చు. మీరు చెప్పిన వర్చువల్ మెషీన్లలోనూ ప్రతి ఇన్‌స్ట్రక్షన్ వెనుక ఇటువంటి నిబంధనలే ఉంటాయి, వాటిని రాసేవారూ, ఆడిట్ చేసేవారూ మన హైదరాబాద్ నుంచి కూడా రావాలి. దయచేసి ఆ కొత్తవారికి మొదటి నెలైనా చేత్తో రాయించండి.