టాడ్‌పోల్ తోక కరిగిపోతుంది, మరి కాళ్లెందుకు కరగవు?

అందరికీ నమస్కారం. నాగర్‌కర్నూల్ దగ్గర జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. వానలకు చెరువు మత్తడి కింద నిలిచిన నీళ్లలోంచి పిల్లలు టాడ్‌పోల్‌లు (తోక ఉండే కప్ప పిల్లలు) పట్టుకొచ్చి ల్యాబ్‌లో గాజు జాడీలో పెట్టారు. ముందుకాళ్లు బయటికొచ్చాక తోక రోజురోజుకూ కుంచించుకుపోయి నల్లటి మొటిమలా మిగిలింది. అది చూసి ఒకమ్మాయి అడిగిన ప్రశ్నే పైన పెట్టాను.

తోక కరిగేటప్పుడు దాని కణాలు తమను తాము చంపుకుంటాయి. అప్పుడు ముఖ్యంగా పనిచేసేవి కాస్పేజ్‌లనే ప్రోటియేజ్ (ప్రోటీన్లను కత్తిరించే) ఎంజైములు. ఇవి కణంలో ముందే ఉంటాయి, కాకపోతే పని చేయని రూపంలో. సంకేతం రాగానే మైటోకాండ్రియా నుంచి సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటపడుతుంది, దాంతో కాస్పేజ్-9, దాని వల్ల కాస్పేజ్-3 మేల్కొంటాయి. కాస్పేజ్-3 ప్రోటీన్లను ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం పక్కన కత్తిరిస్తుంది. డీఎన్ఏను నరికే ఎంజైమును ఆపి ఉంచే ప్రోటీన్‌నూ తెంచేస్తుంది. కణాల చుట్టూ ఉండి వాటిని పట్టి ఉంచే కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను కరిగించేది వేరే ప్రోటియేజ్, కొల్లాజినేజ్. జంతువుల్లో దాన్ని తొలిసారి 1962లో టాడ్‌పోల్ తోకలోనే కనుగొన్నారు!

ఇంతవరకు చెప్పగలిగాను. చిక్కంతా ఆ తర్వాతే. టాడ్‌పోల్‌ను కప్పగా మార్చే థైరాయిడ్ హార్మోన్ రక్తంతో ఒళ్లంతా తిరుగుతుంది కదా, అదే హార్మోన్‌కు కాలు పెరుగుతుంది, తోక చస్తుంది. తోకను కోసి విడిగా ఉంచి హార్మోన్ ఇచ్చినా కుంచించుకుపోతుంది, అంటే నిర్ణయం తోక కణాల్లోనే ఉన్నట్టు. తేడా హార్మోన్‌ను పట్టుకునే గ్రాహకాల్లోనా, కణం చావాలా వద్దా అని తేల్చే బీసీఎల్-2 ప్రోటీన్ల కుటుంబంలోనా, కాస్పేజ్‌లను అడ్డుకునే ప్రోటీన్లలోనా?

డెవలప్‌మెంటల్ బయాలజీ చదివినవాళ్లు ఇంటర్ పిల్లలకు అర్థమయ్యేలా దయచేసి వివరించండి. "సిలబస్‌లో లేదమ్మా" అనడం నాకు ఇష్టం లేదు. తెలుగులో బొమ్మలతో పాఠం ఏదైనా ఉంటే అదీ చెప్పండి.