లోన్ తీసుకున్నాక ఉద్యోగం మానేసి ఫ్రీలాన్సింగ్‌లోకి దిగొచ్చా?

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డిజైనర్‌ని. రాత్రిళ్లు సొంతంగా లోగోలు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు చేస్తుంటాను. కొన్ని నెలలు జీతం కన్నా ఎక్కువే వస్తుంది, కొన్ని నెలలు ఫోనే మోగదు. "చిన్న మార్పే బ్రదర్" అంటూ పదిసార్లు మార్పించుకుని, ఫైల్ చేతికందాక ఫోన్ ఎత్తనివాళ్లూ ఉన్నారు. కంపెనీలు పన్ను కింద ముందే కోసుకునే 10 శాతం టీడీఎస్‌తో బాధ లేదు, రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తుంది.

టెన్షనంతా ఇంటి లోన్ గురించే. శాలరీ స్లిప్ లేకపోతే బ్యాంకులు రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి కదా. అందుకే లోన్ వచ్చాకే మానేద్దామనుకుంటున్నాను. తర్వాత ఈఎంఐలకు ఇబ్బంది పడినవాళ్లున్నారా? ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ పోయాక మీరేం ఏర్పాటు చేసుకున్నారు? సగం అడ్వాన్స్ అడిగితే క్లయింట్ జారిపోకుండా ఎలా మాట్లాడతారు?