“పునీత మార్టిన్ లూథర్” అనొచ్చా?

అందరికీ నమస్కారం. ఒక వ్యాసానికి ప్రూఫ్ చూస్తున్నాను. అందులో రచయిత, ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన జర్మన్ సన్యాసి లూథర్‌ని “పునీత (సెయింట్) మార్టిన్ లూథర్” అని రాశారు. కొట్టేయబోతే ఒప్పుకోవడం లేదు. పునీత పౌలు అన్నప్పుడు లూథర్‌కి ఏం తక్కువైందంటున్నారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు మామూలు విశ్వాసుల్నే “పరిశుద్ధులుగా ఉండుటకు పిలువబడినవారు” అన్నాడు కదా అని ఆయన వాదన. మాట ఉంచమంటారా, తీసేయమంటారా? అసలు కేథలిక్కులు లూథర్‌ని ఎప్పటికైనా పునీతుడిగా ఒప్పుకుంటారా?

—

తీసేయండి. మామూలు తెలుగులో గోదావరిలో మునిగినా పునీతులమే, ఆ లెక్కన ఎవర్నైనా అనొచ్చు. పౌలు చెప్పిన అర్థంలో లూథరూ పరిశుద్ధుడే, మీ రచయితా పరిశుద్ధుడే, అందులో పేచీ లేదు. కానీ పేరు ముందు “పునీత” అని పెట్టగానే అది కేథలిక్కుల మాట అయిపోతుంది, దానికో తంతు ఉంది. మేత్రాణుల (బిషప్పుల) దగ్గర విచారణ మొదలైతే దైవ సేవకుడు, ఆ మీదట ధన్యుడు, ఇంకో అద్భుతం రుజువైతే పోపు పునీతుడని ప్రకటిస్తారు. మదర్ థెరిసాకి ధన్యత 2003లో, పునీత హోదా 2016లో వచ్చాయి. ఆ ప్రకటన తర్వాత ఆ పేరున పండుగ చేసుకోవచ్చు, మా కోసం దేవుణ్ని వేడుకోమని బహిరంగంగా ప్రార్థించవచ్చు.

లూథర్‌ని 1521 జనవరి 3న పదో లియో పోపు వెలివేశాడు. అంతకు ముందు నెలలోనే, వెలివేస్తామని హెచ్చరిస్తూ వచ్చిన పోపు పత్రాన్ని లూథర్ విట్టెన్‌బర్గ్‌లో మంటల్లో పడేశాడు. సరే, ఇదంతా రోము వైపు నుంచి. నన్నడిగితే అసలు అడ్డం లూథరే. 1505లో పిడుగు పడితే పునీత అన్నమ్మకి (మరియమ్మ తల్లికి) మొక్కుకుని మఠంలో చేరినవాడు, 1523లో మైసెన్ మేత్రాణి బెన్నోని పునీతుడిగా ప్రకటించేసరికి ఒంటికాలి మీద లేచాడు. మరుసటి ఏడాది దాని మీద ఒక కరపత్రమే వేశాడు, అందులో బెన్నోని కొత్త విగ్రహం అన్నాడు. అలాంటి మనిషికి అదే హోదా కట్టబెడితే సమాధిలోంచి లేచి ఇంకో కరపత్రం రాస్తాడు!

—

మరి గుంటూరులో లూథరన్ (లూథర్ బాటలో నడిచే సంఘం) చర్చికి సెయింట్ మాథ్యూస్ అని పేరుంది కదండీ?

—

ఉంది, ఉండొచ్చు కూడా. 1530లో లూథరన్లు చక్రవర్తికి ఇచ్చిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో 21వ అంశం ఇదే. పునీతుల్ని తలుచుకోండి, వాళ్ల విశ్వాసం చూసి నేర్చుకోండి, సాయం కోసం మాత్రం వాళ్లని పిలవొద్దు అని దాని సారాంశం. చర్చికి పేరు పెట్టుకోవడం తలుచుకోవడం కిందికే వస్తుంది.

—

కాలం మారింది సార్. 1999లో కేథలిక్కులు, లూథరన్లు రెండు పక్షాలూ కలిసి నీతిమత్వం (మనిషి దేవుడి ముందు నీతిమంతుడిగా ఎంచబడటం) మీద ఉమ్మడి ప్రకటన సంతకం చేశాయి, 2016లో పోపు ఫ్రాన్సిస్ స్వయంగా స్వీడన్ వెళ్లి లూథరన్లతో కలిసి ప్రార్థించారు. పైగా రోముతో కలవని ఆర్మేనియా సంఘం సన్యాసి, నారెక్ గ్రెగరీని 2015లో సభా పండితుడన్నారు (బోధనలో గొప్పవాడని పునీతులకిచ్చే బిరుదు). లిబియాలో చంపేస్తే ఈజిప్టులోని కోప్టిక్ సంఘం వేదసాక్షులుగా (విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాళ్లుగా) ఎంచిన 21 మందిని 2023లో తమ వేదసాక్షుల పట్టికలోనూ చేర్చుకున్నారు. రేపు లూథర్ వంతు రాదని ఎలా చెప్తాం?

—

మీరు చెప్పినవాళ్లంతా ప్రాచీన తూర్పు సంఘాలవాళ్లు. పునీతుల్ని వేడుకోవడం వాళ్లకీ ఉంది, గొడవ లేదు. ప్రొటెస్టెంట్ దగ్గరికొచ్చేసరికి ఏమవుతుందో తెలియాలంటే జర్మనీలోని ల్యూబెక్ ఊరి సంగతి చూడాలి. 1943 నవంబరు 10న నాజీలు హాంబర్గ్ జైల్లో నలుగురి తలలు నరికారు, కొద్ది నిమిషాల తేడాతో, ఒకరి తర్వాత ఒకరికి. ముగ్గురు కేథలిక్ గురువులు, నాలుగోవాడు లూథరన్ పాస్టరు కార్ల్ ఫ్రీడ్రిక్ స్టెల్‌బ్రింక్. (ఆ రోజు లూథర్ పుట్టినరోజు కూడా, చూశారా.) నలుగురి నెత్తురూ ఒక్కటిగా కలిసిందని ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2011 జూన్ 25న ముగ్గురు గురువుల్నీ ధన్యులుగా ప్రకటించారు. స్టెల్‌బ్రింక్‌ని అదే వేడుకలో గౌరవంగా స్మరించారు, ధన్యుడని మాత్రం అనలేదు. లూథరన్లకి ఆ హోదాతో పనే లేదు. ఒకే కత్తికి బలైన మనిషికే అంతవరకు వచ్చి ఆగినప్పుడు, పోపుని క్రీస్తు విరోధి అన్న లూథర్‌కి ఎలా ఇస్తారు? గౌరవం పెరగొచ్చు, పెరిగింది కూడా. ఈ మాట మాత్రం రాదు.

—

తీసేశాను. ఆయన ఇప్పుడు “భక్త లూథర్” అని పెట్టమంటున్నారు.

—

భక్త కన్నప్ప పక్కనా? పెట్టేయండి, దానికి రోము సంతకం అక్కర్లేదు.