ముక్కు కణాలతో వెన్నుపాము చికిత్స: తెలిసినవాళ్లు చెప్పగలరా?

మాది కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర పల్లె. నాపరాళ్ల గనిలో బండ మీద పడి మా తమ్ముడి వెన్నుపాము దెబ్బతింది. నడుము కింద స్పర్శ లేదు. అమ్మ రాత్రిళ్లు లేచి వాణ్ణి పక్కకు తిప్పి, ఎక్కడైనా చర్మం ఎర్రబడిందేమోనని టార్చి వేసి చూస్తుంది.

వాసన నరాల చుట్టూ ఉండే గ్లియల్ కణాల (నరాలకు ఆసరాగా ఉండే కణాలు) గురించి చదివినప్పటి నుంచి నా మనసు ఒకచోట నిలవడం లేదు. కొత్తగా పుట్టే వాసన నరాలను మెదడు దాకా నడిపించేవి ఇవేనట. లండన్‌లో జెఫ్రీ రైస్‌మన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలపాటు వీటి మీదే పనిచేశారు. 2012లో పోలండ్‌లో ఒకాయన మెదడులోని వాసన భాగం నుంచి ఈ కణాలు తీసి, ల్యాబ్‌లో పెంచి, ఆయన వెన్నుపాము గాయానికి పైనా కిందా ఎక్కించారు. మధ్య ఖాళీలో చీలమండ దగ్గరి నరం ముక్కలు వంతెనలా పెట్టారు. తర్వాత ఆయన ఆసరాతో నడిచారు. అయితే అది ఒక్క మనిషి ఫలితం, వెనక గట్టి ఫిజియోథెరపీ కూడా ఉంది.

ఇప్పుడొక ఏజెంటు అదే ట్రీట్‌మెంట్ అంటూ లక్షలు అడుగుతున్నాడు. నాన్న చీనీ తోట అమ్మేస్తానంటున్నారు. ఈ కణాలను ముక్కు లోపలి పొర నుంచి తీస్తే వేరే కణాలూ కలిసి పెరుగుతాయి కదా, వాటిని వేరు చేశారని ఏ పరీక్షతో తెలుస్తుంది? ఏ కాగితాలు అడగాలి? ముక్కు పొరనే వెన్నులో పెట్టించుకున్న ఒకామెకు 8 ఏళ్ల తర్వాత అక్కడ చీమిడి లాంటిది ఊరే గడ్డ పెరిగిందని 2014లో డాక్టర్లు రాశారు. నా భయం అదే.

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీ ఈ కణాలతో చేస్తున్న ట్రయల్‌కు (మనుషుల మీద చేసే పరీక్షకు) మన దేశం వాళ్లను తీసుకుంటారా? న్యూరో డాక్టర్లు, ఇలాంటి పేషెంటు ఇంట్లో ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి. నాన్నకు చదివి వినిపిస్తాను.