పండగ ప్రోగ్రాం ఫోటో కార్నర్: కాయితం పూలు, కెమెరా పనులు అన్నీ ఈ థ్రెడ్‌లోనే

నమస్తే అందరికీ. పోయినసారి డెకరేషన్‌కి ఒక గ్రూపు, ఫోటోలకి ఇంకో గ్రూపు పెట్టుకుని ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోకుండా చేస్తే ఏమైందో అందరం చూశాం. వెనకాల కట్టిన మెరుపు కాయితం కర్టెన్ కంటికి ఎంత బావుందో ఫోటోల్లో అంత ఘోరంగా వచ్చింది, ఫ్లాష్ పడ్డప్పుడల్లా తెల్లటి మచ్చలు, పైగా ఆ మెరుపు చూసి ఫోన్ ఏమో వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది కదా, దాంతో ముందున్న మొహాలన్నీ మసి పూసినట్టు. ఆ కర్టెన్ కొన్నది నేనే లెండి, ఇంకెవర్నీ అనడానికి లేదు. అందుకే ఈసారి పూలు కత్తిరించేవాళ్ళూ ఫోటోలు తీసేవాళ్ళూ ఇక్కడే మాట్లాడుకుందాం. కాయితం కొనేముందు కెమెరా వాళ్ళని ఒక్కమాట అడగండి, నా గోలంతా అదే.

బ్యాక్‌డ్రాప్ (అదే, ఫోటోల్లో మనుషుల వెనకాల కట్టే గుడ్డ) 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అనుకుంటున్నా. గుడ్డ మరీ తెలుపు వద్దు, నలుపూ వద్దు, ఎరుపైతే అస్సలు వద్దు, దగ్గరగా నిలబడితే ఆ ఎరుపు చెంపల మీద పడుతుంది. లేత బూడిద రంగో లేత నీలమో అయితే మనవాళ్ళ బట్టల రంగులు బాగా తేలతాయి. ఇస్త్రీ చేసిన గుడ్డ అయ్యుండాలి, ముడతలు కంటికి కనపడకపోయినా ఫోటోలో మాత్రం అవే కనపడతాయి.

ఇక పూల లెక్క. విసనకర్రలా మడిచి గుండ్రంగా అతికించే చుట్టుపూలు ఒక్కోటి 8 అంగుళాలు వస్తుంది. గుడ్డంతా నింపాలంటే అడ్డంగా 15, నిలువుగా 12, అంటే 180 పూలు, పువ్వుకి రెండు ఎ4 కాయితాల చొప్పున 360 కాయితాలు. అంత చాకిరీ ఎవరూ చెయ్యక్కర్లేదు. మనుషులు నిలబడ్డాక నడుం కింద ఏముందో ఎవరికీ కనపడదు, మధ్యలో పెడితే నెత్తిలోంచి పువ్వు మొలిచినట్టుంటుంది (పోయినసారి ప్రెసిడెంట్ గారి ఫోటో చూసినవాళ్ళకి తెలుసు). పై మూలలు రెండూ, అక్కణ్ణించి పక్కలకి కిందికి జారుతూ నాలుగడుగుల ఎత్తు దాకా, అంతే. 60 పూలు చాలు. మధ్యలో ఆరడుగులు ఖాళీగా వదిలెయ్యండి, ఖాళీగా ఉంది కదా అని ఆఖరి నిమిషంలో బెలూన్లు తగిలించొద్దు ప్లీజ్.

— డెకరేషన్ టీమ్: అక్కా, చుట్టుపువ్వు నేను చేస్తే ఎప్పుడూ మధ్యలో విచ్చుకుపోతుంది, వీడియోలు చూసినా అంతే. ఒకసారి ఇక్కడే రాసి పెట్టవా, అందరం ఒకేలా చేస్తాం.

— థ్రెడ్ పెట్టిన అక్క: సరే రాస్తా. ఎ4 కాయితం పొట్టి అంచు దగ్గర మొదలుపెట్టి ఒకటిన్నర సెంటీమీటర్ల మడతలు, ఒకసారి ముందుకి ఒకసారి వెనక్కి, చివరిదాకా. ప్రతి మడతనీ గోటితో గట్టిగా నొక్కాలి, అక్కడ బద్ధకిస్తేనే నువ్వు చెప్పిన విచ్చుకోడం. పొడుగాటి పట్టీ వస్తుంది కదా, దాన్ని సరిగ్గా మధ్యలో దారంతో బిగించి కట్టి, రెండు చివరలూ పైకి తెచ్చి కలిసే చోట అతికిస్తే అర్ధచంద్రం. అలాంటివి రెండు కలిపితే ఒక పువ్వు. మధ్యలో గుండ్రటి కాయితం బిళ్ళ అతికిస్తే దారం కనపడదు. మామూలు ప్రింటింగ్ కాయితం 80 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరుకి 80 గ్రాముల బరువున్నది) సరిపోతుంది, మందపు చార్ట్ అయితే మడత దగ్గర పగిలి తెల్లగా కనపడుతుంది. ఇంకో మాట, లామినేషన్ షీట్లు, గ్లిట్టర్ కాయితం, అల్యూమినియం ఫాయిల్ ఏవీ బ్యాక్‌డ్రాప్ దరిదాపుల్లోకి రాకూడదు, మెరుపు కావాలంటే ఎంట్రన్స్ దగ్గర పెట్టుకోండి. అన్నీ మెరవని కాయితాలే.

ఇవి కాక కొన్ని టిష్యూ కాయితం పూలు కూడా కావాలి, ఎందుకంటే చుట్టుపూలు ఒక్కటే ఉంటే చక్రాల బండి షాపులా ఉంటుంది. ఎనిమిది టిష్యూలు ఒకదాని మీద ఒకటి పెట్టి అలాగే మడతలు పెట్టి, నడుం దగ్గర కట్టి, రెండు కొసలూ గుండ్రంగా కత్తిరించి, పై పొర నుంచి ఒక్కొక్కటే నెమ్మదిగా లాగుతూ విప్పాలి. చిరిగితే చిరిగింది, కనపడదు. చేతులు మాత్రం పొడిగా ఉండాలి, తడి తగిలితే రంగు దిగి బట్టలకి అంటుతుంది. అసలు ఫోటోలో అన్నిటికన్నా బాగా వచ్చేవి ఇవే, పలచటి పొరల్లోంచి వెలుతురు దిగుతుంది కదా.

— ఫోటో టీమ్: కర్టెన్ సంగతి ఒప్పుకున్నందుకు థాంక్స్ అక్కా 😀 మా వైపు నుంచి ముఖ్యంగా రెండు. ఒకటి, జనాలు బ్యాక్‌డ్రాప్‌కి ఆనుకుని నిలబడతారు, వాళ్ళ నీడ వెనకాల పడి పువ్వులన్నీ మాయం. గుడ్డకి నాలుగైదు అడుగుల ముందు నేల మీద మాస్కింగ్ టేప్‌తో గీత గీసేద్దాం, పాదాలు గీత మీదే. అప్పుడు వెనకాల పూలు కొంచెం మసకగా కూడా వచ్చి మనుషులు తేలతారు. రెండోది లైట్లు. హాల్లో పసుపు బల్బులు, కిటికీలోంచి పగటి వెలుతురు రెండూ కలిస్తే ఒక చెంప పసుపు ఒక చెంప నీలం, ఏ సెట్టింగూ రెండిటినీ ఒకేసారి సరిచెయ్యలేదు. మధ్యాహ్నం అయితే ఆ మూల బల్బులు ఆర్పేసి మనుషుల్ని కిటికీకి ఎదురుగా నిలబెడదాం, కిటికీ వెనక పడితే మాత్రం అందరూ నల్ల బొమ్మలే. చీకటి పడ్డాక కిటికీతో పనిలేదు, మన స్టాండు లైటుని నేరుగా మొహం మీద కాకుండా తెల్ల ఫోమ్ బోర్డు (తేలిగ్గా ఉండే మందపాటి అట్ట) మీదకి తిప్పితే మెత్తటి వెలుతురు వస్తుంది. డెకరేషన్ వాళ్ళు అక్షరాలు కత్తిరించడానికి తెచ్చే బోర్డుల్లో రెండు ముట్టుకోకుండా మాకు ఇవ్వండి.

ఇంకోటి, హాల్లో తీసిన వీడియోల్లో నల్ల చారలు పాకడం చూశారా, అది ఫోన్ పాడైపోయి కాదు. కొన్ని లైట్లు కరెంటు తరంగంతో పాటు వెలిగి ఆరుతుంటాయి, 50 హెర్ట్జ్ (కరెంటు సెకనుకి 50 సార్లు ఊగే) దేశాల్లో సెకనుకి 100 సార్లు, 60 హెర్ట్జ్ అయితే 120 సార్లు. ఇండియాలో 50 పెట్టుకున్న కెమెరాని అలాగే అమెరికా లాంటి 60 ఉన్న చోటికి తెచ్చుకుంటే చారలొస్తాయి. సెట్టింగ్స్‌లో యాంటీ ఫ్లికర్ (ఆ చారలు రాకుండా చేసేది) ఉంటే ఇక్కడి కరెంటుకి తగ్గట్టు మార్చుకోండి, లేకపోతే షట్టర్ (కెమెరా వెలుతురుని లోపలికి రానిచ్చే సమయం) 50కి 1/50 లేదా 1/100 సెకను, 60కి 1/60 లేదా 1/120 సెకను దగ్గర పెట్టండి.

— కొత్త వాలంటీర్: అన్నా నా దగ్గర పెద్ద కెమెరా లేదు, ఫోన్ మాత్రమే. పనికొస్తానా?

— ఫోటో టీమ్: భలేవాడివి, సగం మంచి ఫోటోలు ఫోన్‌వే. ముందు లెన్స్ తుడువు, జేబులో జిడ్డు పట్టి లైట్లన్నీ పొగలాగా వస్తాయి. వైడ్ లెన్స్ వాడకు, చివర్లో నిలబడ్డవాళ్ళ మొహాలు సాగిపోతాయి, వాళ్ళు ఆ ఫోటో జన్మలో మర్చిపోరు. రెండడుగులు వెనక్కి వెళ్ళి మామూలు లెన్స్‌తో తియ్యి. మొహం మీద వేలు పెట్టి ఫోకస్ చేసి, మరీ తెల్లబోతుంటే పక్కన సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగు. పోర్ట్రెయిట్ మోడ్ ఒక్క మనిషికైతే సరే, గ్రూపుకి ఆపెయ్యి, చెవులూ కాయితం రేకులూ కత్తిరించేస్తుంది.

కళ్ళు మూసుకునే గొడవకి ఒక లెక్క ఉంది తెలుసా, ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ సైన్సు సంస్థ వాళ్ళిద్దరు లెక్కేసి చెప్పారు, 2006లో దానికి ఇగ్ నోబెల్ (నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. 20 మంది లోపు గ్రూపు అయితే వెలుతురు బావుంటే మందిని 3తో భాగించు, బాగాలేకపోతే 2తో, అన్ని ఫోటోలు తీస్తే దాదాపు ఖాయంగా ఒకదాంట్లో అయినా అందరి కళ్ళూ తెరిచి ఉంటాయి. 12 మందికి నాలుగు, మన హాలు లైట్లకి ఆరు అనుకో. కాబట్టి ఒక్కటి తీసి "అయిపోయింది" అనకు.

— పిల్లల టేబుల్: మేము కాయితం లాంతర్లు చేయిద్దాం అనుకుంటున్నాం. కాయితాన్ని పొడుగ్గా సగానికి మడిచి, మడత వైపు నుంచి కత్తిరిస్తూ ఎదురంచుకి 2 సెంటీమీటర్ల ముందు ఆపెయ్యాలి, విప్పి గొట్టంలా చుట్టి అంటించడమే. ఆరేళ్ళ పిల్లలు కూడా చేసేస్తారు, వాళ్ళకి మొండి మొన కత్తెరలు, గ్లూ స్టిక్‌లు, గ్లూ గన్ మాత్రం పెద్దవాళ్ళ చేతిలోనే. లోపల ఎల్‌ఈడీ దీపాలే, కొవ్వొత్తి కాయితం పక్కన పెట్టనిచ్చేది లేదు.

— థ్రెడ్ పెట్టిన అక్క: లాంతర్లు చాలా బావుంటాయి, కానీ లైట్లన్నీ వెలుగుతుంటే ఎల్‌ఈడీ వెలుగుతోందో లేదో కూడా తెలీదు. ప్రోగ్రాం మధ్యలో ఒక పది నిమిషాలు సగం లైట్లు ఆర్పిద్దాం, ఫోటో టీమ్ అప్పుడు ఫ్లాష్ ఆపేసి ఫోన్ని బల్ల మీద ఆనించి తియ్యండి. లాంతర్లు వేలాడదియ్యడానికి మామూలు దారం కాదు, పలచటి నైలాన్ దారం అయితే ఫోటోలో కనపడదు.

పిల్లల టేబుల్ వాళ్ళకి ఇంకో చిన్న పని. అందరికీ ఫోటోలు ఆన్‌లైన్‌లో పెట్టడం ఇష్టం ఉండదు, ముఖ్యంగా చిన్నపిల్లల తల్లిదండ్రులకి, మొహమాటపడి చెప్పరు, తర్వాత బాధపడతారు. 30 చిన్న పసుపు కాయితం పూలు పిన్నుతో సహా చేసి రిజిస్ట్రేషన్ దగ్గర పెట్టండి, పసుపు పువ్వు పెట్టుకున్నవాళ్ళని తియ్యకూడదు, గ్రూపులో పడితే పోస్ట్ చెయ్యకూడదు. ఎందుకని ఎవరూ అడగొద్దు.

— ఫోటో టీమ్: అది బావుంది. అలాగే ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగిపోయి వస్తాయి, డాక్యుమెంట్‌గా పంపండి. అందరివీ వచ్చాక మేమే ఏరతాం, ఒకే పోజువి 40 పెట్టకుండా.

— థ్రెడ్ పెట్టిన అక్క: సరే అయితే ఇలా అనుకుందాం. అందరూ ముందు ఒక్కో పువ్వు చేసి ఈ శనివారం హాలు తాళం తీసినప్పుడు తీసుకురండి, గుడ్డ ముక్క మీద అంటించి ఫోటో టీమ్ ఒక మనిషిని నిలబెట్టి తీసి చూస్తారు, రంగు నచ్చాకే మిగతావి మొదలుపెడదాం. గోడకి మాస్కింగ్ టేప్ ఒక్కటే, పెయింట్ ఊడితే డిపాజిట్ పోతుంది. చుట్టుపూలకి ఇంకా ముగ్గురు కావాలి, టిష్యూ పూలకి ఇద్దరు, కింద పేరు రాసేయండి.

— డెకరేషన్ టీమ్: నేను చుట్టుపూలు 20 చేస్తా. నా కత్తెరలు రెండు తెస్తున్నా, మూడోది నీలం పిడిది పోయినసారి ఎవరో ఇంటికి పట్టుకెళ్ళారు, తెచ్చిచ్చేస్తే ఎవరని కూడా అడగను.