సముద్రం లేని గ్రనాడాకి సముద్రపు దొంగలెలా వచ్చారు?

అల్లవరం కుర్రాడు:
మా బావ పనిచేసే ఓడ మధ్య అమెరికా దేశం నికరాగ్వాలోని కొరింతో రేవుకి వెళ్తోందండి. సెలవు దొరికితే గ్రనాడా చూస్తానంటున్నాడు. స్పెయిన్ వాళ్ళు 1524లో సరస్సు ఒడ్డున కట్టిన ఊరట. దాన్ని సముద్రపు దొంగలు దోచారని చదివాను. సముద్రమే లేని ఊరికి వాళ్ళెలా వచ్చారు?

ఓడ ఫిట్టర్, యానాం:
ఏరు పట్టుకుని వచ్చారు బాబూ. మ్యాపులో చూస్తే గ్రనాడా పసిఫిక్‌కే దగ్గర, కానీ వ్యాపారం తూర్పుకి నడిచేది. సరస్సు నీళ్ళు శాన్ హువాన్ నదిగా దాదాపు 200 కిలోమీటర్లు పారి కరీబియన్‌లో కలుస్తాయి. సరుకు పోయే ఆ దారినే 1665లో హెన్రీ మోర్గాన్ చిన్న పడవల్లో ఎదురెక్కి వచ్చి ఊరు దోచాడు. ఆ తర్వాతే నది మీద ఎల్ కాస్తీయో కోట కట్టారు, 1675కి పూర్తయింది. సొరచేపలూ ఆ నదిలోంచే సరస్సులోకి ఎక్కుతాయి. ఈతకి దిగేముందు మీ బావకి చెప్పు.

దొంగలకన్నా పెద్ద దెబ్బ ఆ దేశంలోనే ఉన్న లెయోన్ అనే ఇంకో ఊరితో పోరు వల్ల తగిలింది. అక్కడ లిబరల్స్, ఇక్కడ కన్జర్వేటివ్‌లు. రాజధాని మాకంటే మాకని కొట్టుకుంటే 1852లో మధ్యనున్న మనాగ్వాకి ఇచ్చారు (మన ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడే). అయినా చల్లారలేదు. లెయోన్ వాళ్ళు విలియం వాకర్ అనే అమెరికావాణ్ణి కిరాయి సైన్యంతో పిలిపించుకున్నారు. వాడు 1855లో గ్రనాడాని పట్టుకుని, మరుసటేడు తానే ప్రెసిడెంట్‌నన్నాడు. బానిసత్వం మళ్ళీ తెచ్చాడు. చుట్టుపక్కల దేశాలు కలిసి తరిమితే, 1856 చివర్లో వాడి మనుషులు ఊరు తగలబెట్టి ‘ఇక్కడ గ్రనాడా ఉండేది’ అని రాసిపెట్టి పోయారు. కాబట్టి ఫొటోల్లో కనిపించే ఆ పసుపు, నీలం గోడల్లో చాలావరకు తర్వాత లేచినవే. అయిదు వందల ఏళ్ళ ఇళ్ళని గైడు చెప్తే తలూపమను, నమ్మక్కర్లేదు.

ముమ్మిడివరం:
అక్కడా లంకలున్నాయంటగా?

ఓడ ఫిట్టర్, యానాం:
ఉన్నాయండి, వందల్లో. మనవి ఇసక, ఒండ్రు, వరదొస్తే కోసుకుపోతాయి. అవి మొంబాచో అగ్నిపర్వతం ఒక పక్క విరిగి సరస్సులో పడ్డ రాళ్ళు, కదలవు. కొన్నిటి మీద జాలర్ల ఇళ్ళు, కొన్నిటి మీద డబ్బున్నోళ్ళ బంగళాలు. పడవ బేరం మాత్రం గట్టిగా ఆడాలి.

అల్లవరం కుర్రాడు:
ఒక్కరోజే సెలవిస్తే?

ఓడ ఫిట్టర్, యానాం:
అయితే లెయోన్ చూసి తిరిగొచ్చెయ్యమను. కొరింతో నుంచి ముందు తగిలేది అదే. గ్రనాడా మనాగ్వా దాటి ఇంకా దూరం, ఓడ తప్పిపోతే కష్టం.